మందు మీద ఎర్రమన్ను

ఆ రోజు గ్రామసభలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఇప్పటికీ చెప్పగలను. బడి వరండాలో జంపఖానా పరిచారు. నీడ ఉన్న చోటు మగవాళ్లు ముందే తీసుకున్నారు. మేము మెట్ల దగ్గర, ఎండ కాళ్ల మీద పడే చోట కూర్చున్నాం. నా ఎడమ పక్క మా ఊరి ఆశ కార్యకర్త. కుడి పక్క మా పక్కింటి అవ్వ. అవ్వ కొంగులో వేయించిన శనగలు మూటగట్టుకుని వచ్చింది. పళ్లు లేవు, అందుకని ఒక్కో శనగ ఆమె నోట్లో చాలాసేపు కాపురం చేసేది. ఇంత గుర్తున్న నాకు, ఆ రోజు నేను చెయ్యి ఎందుకు ఎత్తానన్నది మాత్రం తర్వాత ఇల్లిల్లూ తిరిగి వెతుక్కోవలసి వచ్చింది.

మాది పర్ణశాల దాకా వచ్చి, గోదావరి వైపు పోకుండా అడవి వైపు తిరిగితే తగిలే ఊరు. వానలు మొదలైతే చలిజ్వరం మాకు చుట్టంలాంటిది. ప్రతి ఏడూ శ్రావణం ముందు మలేరియా ఆఫీసు వాళ్లు వచ్చి ఇళ్లలో లోపలి గోడలకు మందు కొట్టిపోయేవారు. గిన్నెలు, బియ్యం, మంచాలు అన్నీ బయట పెట్టుకోవాలి. మందు ఆరాక గోడల నిండా తెల్లటి చారలు, ఇల్లంతా ఘాటు వాసన. దానికితోడు నల్లులు సందుల్లోంచి బయటికొచ్చి మంచాలెక్కేవి. ఇంత చేసినా దోమలు పోయేవా అంటే, లేదు. జ్వరాలు ఆగేవా అంటే, అదీ లేదు.

ఆ యేడు ఇంకొకటి కలిసింది. ఫోన్లలో ఒక ఆడగొంతు తిరిగింది. ఆ మందు కడుపుతో ఉన్న ఆడవాళ్లకు మంచిది కాదు, లోపలి బిడ్డకు తగులుతుంది, డాక్టర్లకు తెలిసినా చెప్పరు అని. గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు. కల్లూరులో ఉండే బంధువు పంపాడని ఒకరు, ఖమ్మం నుంచి వచ్చిందని ఒకరు. మా ఇంట్లో అప్పుడు నా బిడ్డ ఉంది. తొలికాన్పు. ఏడో నెలలో సీమంతం చేసి తీసుకొచ్చుకున్నాం. ఆ గొంతును నేను రెండుసార్లు విన్నాను.

సర్పంచ్ లేచాడు. చిన్నవాడు, ఎవరితోనూ గొడవ పెట్టుకోవడం ఇష్టం లేనివాడు.

"మందు కొట్టేటోళ్లు వచ్చే వారం వస్తరట. ఊర్ల శానామంది వద్దంటున్నరు. నా ఒక్కని మీద పెట్టకున్రి. మీరే చెప్పున్రి."

ఆశ కార్యకర్త కూర్చునే అంది, "కొట్టించుకుంటేనే మంచిదన్నా."

వెనక నుంచి ఒకతను, "నువ్వెప్పుడు డాక్టరమ్మవైనవే? మొన్నటిదాంక మాతోని మిరప తోటల కలుపు తీసినవ్ గదా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"మందు వద్దన్నోళ్లు చెయ్యెత్తున్రి" అన్నాడు సర్పంచ్.

చేతులు లేచాయి. నాదీ లేచింది. కార్యదర్శి లెక్కపెట్టి పుస్తకంలో రాసుకున్నాడు. అవ్వ చెయ్యి మాత్రం కొంగులోనే ఉంది. ఆమె శనగల కోసం వెతుక్కుంటోంది.

మందు రాలేదు. ఆ యేడు ముత్యాలమ్మ బోనాలకు నేను నింపాదిగా గోడలు అలుక్కున్నాను. ఇది నా పనితనం, కొంచెం చెప్పుకోనివ్వండి. వాగు ఒడ్డున తవ్విన ఎర్రమన్ను జల్లెడ పట్టి, రాత్రంతా నానబెట్టి, పేడ కలిపి, అరచేత్తో కింది నుంచి పైకి తీస్తాను. ఆరిన తర్వాత వేలి గుర్తు ఒక్కటి కనిపించదు. కొత్త కోడళ్లను తీసుకొచ్చి నా గోడ చూపించేవారు. బోనం వండే ఇంటి గోడ ఎర్రగా, పచ్చిమన్ను వాసనతో ఉండాలని మా పట్టింపు. అవ్వ ఒక్కతే ఏళ్ల నుంచి అలకడం మానేసింది. మోకాళ్లు వంగవు. ఆమె ఇంట్లో పాత మందు చారల మీద కొత్త చారలు పేరుకుని, గోడ బూజు పట్టిన రొట్టెలా ఉండేది. నేను ఆ గోడను చూసి జాలిపడేదాన్ని. ఒక పూట వచ్చి అలుకుతానంటే, "నీ పని నువ్ చూసుకోవే. నా గోడను చూసి ముత్యాలమ్మ వాంతి చేసుకోదు" అనేది.

బోనాలు అయిన పది రోజులకు, మిట్టమధ్యాహ్నం, నా బిడ్డ వణకడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాను. మంచం కోళ్లు నేల మీద టకటకమని కొట్టుకున్నాయి. ఆశ కార్యకర్త పరుగెత్తుకొచ్చి వేలు గుచ్చి, రక్తం చుక్క పట్టీ మీద వేసింది. గీతలు తేలేదాకా ఆమె నా వైపు చూడలేదు.

"వదినా, జల్దీ బండి పిలువు. ఇది మామూలు జ్వరం కాదు."

భద్రాచలం దవాఖానాలో నాలుగు రోజులు నా బిడ్డ నన్ను సరిగ్గా గుర్తుపట్టలేదు. ఒకసారి నన్ను చూసి "మా అమ్మను పిలువున్రి" అంది. లోపలి పిల్ల కదులుతోందా లేదా అని పూటకోసారి యంత్రం పెట్టి వినేవారు. ఆ చప్పుడు వినపడేదాకా నేను మంచం కోడు వదిలేదాన్ని కాదు. నెల తక్కువలో కాన్పయింది. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో పట్టేంత. అద్దాల పెట్టెలో పెట్టారు.

అల్లుడు ఖమ్మంలో ఆఫీసు ఉద్యోగం చేస్తాడు. నెమ్మదైన మనిషి. గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు అద్దాల పెట్టె గది బయట, గోడకు ఆనుకుని నిలబడి, నా ముఖం చూడకుండా అన్నాడు.

"మందు వద్దని చేతులెత్తిన్రట గదత్తమ్మా."

"ఎత్తినమయ్యా."

"మీరు గూడ ఎత్తిన్రా?"

"ఎత్తిన."

"తెల్వనోళ్లందర్ని ఒక్కకాడ కూసోబెట్టి చేతులెత్తమంటే గిట్లనే అయితది. డాక్టర్ చెప్పేదానికి ఓట్లేంది? ఇట్లాంటి వాటికి మిమ్మల్ని అడగనేవద్దు."

పిల్ల బరువు పెరిగాక తల్లీపిల్లలను ఖమ్మం తీసుకుపోతూ ఇంకో మాట చెప్పాడు. ఆ ఇంటికి మాత్రం పిల్లను పంపను, వచ్చే యేడు బోనాలకైనా సరే, పంపను అని. నా బిడ్డ బస్సు కిటికీలోంచి నన్ను చూసింది. కాదనలేదు. కాదంటుందని నేనూ అనుకోలేదు.

ఇంటికొచ్చాక, మిమ్మల్ని అడగనేవద్దన్న ఆ మాట నా నెత్తిలో తిరుగుతూనే ఉంది. ఆయన చెప్పింది నిజమేనా? నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. మాలాంటివాళ్లను అడగకుండా ఉంటేనే ఊరు బాగుంటుందా? కోపం కంటే నాకు తెలుసుకోవాలన్న తహతహ ఎక్కువైంది. అసలు ఆ రోజు ఎవరి చెయ్యి ఎందుకు లేచిందో అడుగుదామని బయల్దేరాను. ఎవరు ఎత్తారో నాకు గుర్తుంది కదా.

ఒకామె ఫోన్లో గొంతు విని ఎత్తానంది. "అంత నిదానంగ, అంత మంచిగ చెప్పింది వదినా, మన ఇంటి మనిషి లెక్క." ఇంకొకాయన కిందటేడు మందు కొట్టిన మర్నాడు తన కోడిపెట్ట చచ్చిందన్నాడు. ఒక ముసలాయన హాజరు వేసుకుంటున్నారేమో అనుకుని ఎత్తాడట. ఇద్దరు ముగ్గురు పక్కవాళ్లను చూసి ఎత్తారు. చివరికి వెనక వీధిలో ఒకామె రోట్లో కారం దంచుతోంది. రోకలి ఆపి, నేనేదో తిక్క ప్రశ్న అడిగినట్టు చూసింది.

"నిన్ను జూసే ఎత్తిన. నీ ఇంట్ల కడుపుతోని పిల్లున్నది. నీకు తెల్వకుంట ఎత్తుతవా అనుకున్న."

నేను ఆమె గడప మీదే కూర్చుండిపోయాను. నేను చుట్టూ లేచిన చేతులు చూసి ఎత్తాను. ఆ చేతుల్లో కొన్ని నన్ను చూసి లేచాయి.

అవ్వను కూడా అడిగాను. అంతమంది ఎత్తితే నువ్వెందుకు ఎత్తలేదు, నీకేమైనా తెలుసా అని.

"ఏం తెలుస్తదే? భుజం లేవలే" అంది అవ్వ.

ఆ తర్వాత కొద్ది రోజులకు మలేరియా సారు వచ్చాడు. జ్వరం వచ్చిన ఇంటికి వచ్చి వివరాలు రాసుకోవడం ఆయన పని. ఇన్నేళ్లలో ఆయన మా ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ జీపులో వచ్చి, మందు కొట్టేవాళ్లను దించి, అరుగు ముందు నుంచే పోయేవాడు. మంచం మీద కూర్చుని, ముఖం ముడుచుకునే ఉన్నాడు.

"మీరే గదమ్మా వద్దన్నది. ఇప్పుడు మమ్మల్ని అంటే ఏమొస్తది?"

"మిమ్మల్ని ఎవలన్నరు సారూ? నాకు ఒక్కటి చెప్పున్రి. కొట్టిన యేడు గూడ జ్వరాలొచ్చినయ్. దోమలు పోలే. మరి మందు ఏం చేస్తున్నట్టు?"

ఆయన రాస్తూనే అడిగాడు. "మందు కొట్టినంక ఎన్నాళ్లు గోడ ముట్టకుంట ఉంచుతరు?"

"ముట్టకుంట ఎట్లుంటం? మర్నాడే అలుకుతం."

పెన్ను ఆగింది. "ఏంది?"

"ఎర్రమన్ను పూస్తం సారూ. ఆ చారలతోని బోనం ఎట్లొండుతం? మీరొచ్చేది సరిగ్గ బోనాల ముందుగదా. మీరు పోంగనే మేం మొదలువెడ్తం. ఊరంతా అంతే."

ఆయన లేచి గోడ దగ్గరకు వెళ్లాడు. అరచేత్తో నిమిరి చూశాడు. నా గోడను అందరూ అట్లానే నిమురుతారు, మెచ్చుకోవడానికి. ఈయన ముఖంలో మెప్పు లేదు.

"ఎనిమిదేండ్లసంది తిరుగుతున్నమ్మా ఈ ఊర్లె. ఎనిమిదేండ్లు మందు కొట్టినం అని రాసిన. మూడు నెలలు గోడ ముట్టొద్దని మా వాళ్లు చెప్పలేదా?"

"చెప్తరు. వాకిట్ల నిలబడి, బండి నడుస్తుండంగనే చెప్తరు. మేము అవ్ అంటం."

"అవ్ అని అలుకుతరా?"

"అవ్."

ఆయనకు నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. నవ్వాల్సిన సంగతి కాదు, కానీ వచ్చింది. అప్పుడు ఆయన కూర్చుని, మొదటిసారి, మందు ఏం చేస్తుందో చెప్పాడు. వాసనకు దోమ పారిపోతుందని నేను అనుకునేదాన్ని. వాసన పోయిందంటే మందు పనైపోయిందనీ, ఇంక గోడ శుభ్రం చేసుకోవచ్చనీ లెక్క. అది కాదట. దోమ రక్తం తాగాక బరువెక్కి దగ్గర్లోని గోడ మీద వాలుతుంది. అక్కడ మందు కాళ్లకు అంటుకుని చస్తుంది. గోడ మీద మందు ఉండాలి, అంతే. నేను ఏటా నా చేతులతో, వేలి గుర్తు కనపడకుండా, దాన్ని మన్ను కింద పూడ్చిపెట్టాను.

ఆయన్ను అవ్వ ఇంటికి తీసుకుపోయాను. చారల గోడను ఆయన గుడిలో దేవుణ్ణి చూసినట్టు చూశాడు.

"అవ్వా, నీకు జ్వరమెప్పుడొచ్చింది?"

"నా మొగడున్నప్పుడు వచ్చింది. ఆడు పోయినంక అదీ పోయింది."

నేను సారు వైపు చూశాను, చూశారా అన్నట్టు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఒక్క ఇంటిని జూసి చెప్పలేమమ్మా. ముసలామెకు జ్వరం రాకపోవుటానికి సవాలక్ష కారణాలుంటయ్. మీ బిడ్డకు దోమ ఏడ కుట్టిందో గూడ మనకు తెల్వదు." ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. ఫోన్లో గొంతు ఒక్కసారి కూడా "తెల్వదు" అనలేదు.

"మరి ఆ ఫోన్ల చెప్పింది? కడుపుల పిల్లకు తగుల్తదని?" అని అడిగాను.

"కొట్టేటప్పుడు, ఆరేదాంక బయట ఉండాలె. అంతే. అది ముందుగాల చెప్పకపోవుడు మా తప్పే. మీరు అడగలే, మేం చెప్పలే."

దసరాకు నేనే ఖమ్మం పోయాను, పిల్లను చూడటానికి. బుగ్గలు వచ్చాయి. అల్లుడు అన్నం పెట్టించి, తానూ తినడానికి ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆయన మాటే ఆయనకు గుర్తు చేశాను.

"అయ్యా, తెల్వనోళ్లను అడగొద్దంటివి. మీ వార్డుల మొన్న ఓట్లయినయ్ గదా. గెలిచినాయన ఈ నీళ్ల సంగతి ఏం చెప్పిండు?" వాళ్ల కాలనీలో రెండు రోజులకోసారి నీళ్లొస్తాయని నా బిడ్డ అప్పుడే వాపోయింది.

"ఏం చెప్పిండో ఎవరికి తెల్సత్తమ్మా? గుర్తు చూసి వేసినం."

నా బిడ్డ వంటింట్లోంచి, "మన ఆఫీసాయన అసలు పోనేలే. సెలవని పండుకున్నడు. నేను పోయిన" అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నేను ఆయన్ను ఓడించడానికి అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాను. చదువుకున్నవాళ్లు ఎట్లా తేల్చుకుంటారో తెలిస్తే నేనూ అట్లా చేద్దామని. ఆ సంగతి చెబితే, "మరి ఎవర్ని అడగాలంటరు అత్తమ్మా?" అన్నాడు. నాకూ తెలియదన్నాను. కానీ అలికేదాన్ని అడగకుండా గోడకు మందు కొడితే ఏమవుతుందో మాత్రం తెలిసిందని, అంతా చెప్పాను. ఆయన పెరుగన్నం చేతిలోనే ఎండేదాకా విన్నాడు.

"ఊరోళ్లు ఒప్పుకుంటే, గోడ మీద మందుంటే, అప్పుడు పంపుత" అన్నాడు చివరికి.

మరుసటేడు మళ్లీ గ్రామసభ. అదే వరండా, అదే జంపఖానా. ఈసారి మలేరియా సారును ఆశ కార్యకర్త ముందే పిలిపించింది. ఆయన మందు ఏం చేస్తుందో చెప్పాడు, కడుపుతో ఉన్నవాళ్లు ఏం చేయాలో చెప్పాడు. కొందరు విన్నారు, కొందరు ఫోన్లు చూసుకున్నారు. పోయినేడు ఆశ కార్యకర్తను ఎగతాళి చేసినతనే లేచి, "వీళ్ల మాట ఎన్నిసార్లు నమ్మాలె? గింతకు ముందు ఎందుకు చెప్పలే?" అన్నాడు. సారు తలవంచుకున్నాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

నాకు సభలో మాట్లాడటం అలవాటు లేదు. కూర్చున్నచోటి నుంచే అడిగాను.

"సారూ, మీరు బోనాల ముందొస్తే మేం అలకకుంట ఉండలేం. అది మాతోని కాదు. మేం ముందు అలికి, ఆరినంక, బోనాలకు మూడు రోజుల ముందు మీరొస్తే కుదురుతదా?"

"పై ఆఫీసుల తారీఖు నేను మార్చలేనమ్మా."

"ఒక్కసారి అడుగున్రి. మమ్మల్ని అడిగిన్రు గదా, వాళ్లను గూడ అడుగున్రి."

ఆడవాళ్ల వైపు నవ్వులు లేచాయి. ఆయన బయటికి పోయి ఎవరితోనో ఫోన్లో చాలాసేపు మాట్లాడి వచ్చాడు. కుదురుతుంది, ఒక్క ఊరికి కాబట్టి కుదురుతుంది అన్నాడు. మరి చారల సంగతేందని ఒకామె అడిగింది. బయటి గోడలకు, అరుగులకు మళ్లీ ఎర్రమన్ను పూసుకుందాం, లోపల వద్దు, ముత్యాలమ్మకు బయటి నుంచే కనపడుతుంది అన్నాను. దాని మీద ఆడవాళ్లు సారు మందు మీదకంటే ఎక్కువసేపు వాదించుకున్నారు.

"కావాలన్నోళ్లు చెయ్యెత్తున్రి" అన్నాడు సర్పంచ్.

నేను ఎత్తాను. ఈసారి చుట్టూ చూడలేదు. కార్యదర్శి లెక్కపెడుతుంటే మాత్రం చూశాను. అందరూ ఎత్తలేదు. కానీ సరిపడా చేతులు లేచాయి. కుడి పక్కన అవ్వ ఎడమ చెయ్యి గాల్లో ఉంది. దాన్ని కుడి చేత్తో మోచేతి కింద పట్టుకుని నిలబెట్టింది.

అల్లుడు మాట తప్పలేదు. బోనాల ముందు రోజు తల్లీపిల్లలను దించిపోయాడు. పోయే ముందు లోపలికొచ్చి గోడ వైపు చూసి పోయాడు. నా ఎర్రటి గోడ మీద తెల్లటి చారలు. మొదటిరోజు నాకు చూడబుద్ధి కాలేదు. నా పనితనమంతా ఎవరో గీకేసినట్టుంది. అక్కడే బోనం వండాను.

సాయంత్రం అవ్వ వచ్చి గడపలో కూర్చుంది. ఉండబట్టలేక అడిగాను.

"అవ్వా, మొన్న సారు చెప్పింది నీకు అర్థమైందా?"

"ఏం అర్థమైతది? చెవులు సరిగ్గ వినపడయ్."

"మరి ఎందుకెత్తినవ్?"

"నువ్వెత్తినవ్ గదా."

ఏడాదంతా తిరిగింది ఈ మాట దగ్గరికే రావడానికా అనిపించింది.

"రేపు నేను తప్పెత్తితే, అవ్వా?"

"తిడ్త. పక్కింట్లనే ఉంటవ్ గదా, యాడికి పోతవ్? ఆ ఫోన్లదాన్ని యాడ పట్టుకొని తిట్టాలె?" అంది. పిల్లను ఒళ్లోకి ఇమ్మంది. కుడి భుజం లేవలేదు. ఎడమ చెయ్యే చాచింది.

పిల్లను ఆమె ఒళ్లో పెట్టి, నేను కూడా గడపలో చతికిలబడి, దోమ రక్తం తాగాక బరువెక్కి ఎక్కడ వాలుతుందో అవ్వ చెవి దగ్గర నోరు పెట్టి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.